రియల్‌టైమ్ మార్కెట్ డేటా: పోటీకి వదిలేయాలా, రూల్స్ పెట్టాలా? ఎక్కడ ఏది పనిచేస్తుందో పోల్చి చూద్దాం

షేర్ల ధరలు, బాండ్ల ధరలు, ఫారెక్స్ రేట్లు క్షణక్షణం అందించే డేటా బిజినెస్ మీద గొడవ ఎప్పుడూ రెండు ముక్కల్లోనే నడుస్తుంది. బ్రోకర్లు, ఫండ్లు "ఎక్స్ఛేంజీలు డేటా పేరుతో పిండేస్తున్నాయి, ప్రభుత్వం పట్టించుకోవాలి" అంటారు. ఎక్స్ఛేంజీలు, డేటా వెండర్లు "మా మధ్య పోటీ గట్టిగానే ఉంది, మీరు చెయ్యి పెడితే క్వాలిటీ పడిపోతుంది" అంటారు. రెండు వైపులా చదివితే రెండూ నిజమే అనిపిస్తుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. డిబేట్‌కో పరీక్షకో ప్రిపేర్ అవుతున్నవాళ్ళు, ఫిన్‌టెక్‌లో డేటా కొనే పని నెత్తిన పడినవాళ్ళు, పాలసీ నోట్ రాయాల్సినవాళ్ళు, వీళ్ళ కోసమే ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "పోటీనా, రెగ్యులేషనా" అని మొత్తం బిజినెస్‌ని ఒకే ముద్దగా పెట్టి అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఇందులో నాలుగు వేరువేరు పొరలున్నాయి. ఒకటి, ధర పుట్టే చోటు, అంటే ఎక్స్ఛేంజ్. రెండు, ఏ షేరు ఏదో గుర్తుపట్టే కోడ్‌లు. మూడు, పది చోట్ల ధరల్ని కలిపి ఒకే ప్రవాహంగా ఇచ్చే పని, దీన్నే కన్సాలిడేటెడ్ టేప్ అంటారు. నాలుగు, మీరు చూసే స్క్రీన్, దానిమీద ఉండే అనలిటిక్స్, న్యూస్, చాట్. పై పొరలో, అంటే స్క్రీన్ దగ్గర, పోటీ బ్రహ్మాండంగా పనిచేసింది, కింద పొరలో, అంటే ఎక్స్ఛేంజ్ దగ్గర, దాదాపు పనిచెయ్యలేదు, మధ్యలో రెండింట్లో అసలు మజా అంతా ఉంది.

## ముందు ఏమేం చూడాలి

అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రత్యామ్నాయం ఉందా అన్న ప్రశ్న. ఒక ఎక్స్ఛేంజ్‌లో ఇప్పుడు ఎంత ధరకి ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో చెప్పగలిగేది ఆ ఎక్స్ఛేంజ్ ఒక్కటే. పక్క ఎక్స్ఛేంజ్ డేటా చవగ్గా దొరికినా దీనికి బదులు అది పనికిరాదు. సినిమా టికెట్ ఖరీదైతే ఇంకో సినిమాకి వెళ్తాం, ఇక్కడ ఆ వీలు లేదు.

రెండోది, మారడం ఎంత కష్టం. పేపర్ మీద నలుగురు వెండర్లు ఉండొచ్చు, కానీ మీ సిస్టమ్స్ అన్నీ ఒక వెండర్ కోడ్‌ల మీద, ఒక వెండర్ ఫార్మాట్ మీద కట్టేసి ఉంటే మిగతా ముగ్గురూ మీకు లేనట్టే. చాలా వాదనల్లో వెండర్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి "పోటీ ఉంది కదా" అని తేల్చేస్తారు, అది సరిపోదు.

మూడోది సమయం. డేటా అందరికీ దొరుకుతోందా అన్నది ఒకటి, ఒకేసారి దొరుకుతోందా అన్నది ఇంకోటి. నాలుగోది, ఆగిపోతే ఎంతమంది ఆగిపోతారు. ఐదోది, కొత్తగా ఏదైనా కట్టాలన్న ఉత్సాహం మిగులుతుందా లేదా.

ఇంకొకటుంది, దీన్ని ఎక్కువమంది మర్చిపోతారు: ఖర్చు లెక్క. ట్రేడ్ జరుగుతున్నప్పుడే డేటా పుడుతుంది, సర్వర్లు అవే, స్టాఫ్ వాళ్ళే. గొర్రెని పెంచేవాడిని మేత ఖర్చులో ఉన్నికి ఎంత, మాంసానికి ఎంత అని అడిగితే ఏం చెప్తాడు? ఎక్స్ఛేంజ్‌ని "డేటా ఇవ్వడానికి నీకెంత అవుతోంది" అని అడిగినా అంతే. "ఖర్చుని బట్టి ధర పెడదాం" అన్న ప్రతి పాలసీ వెళ్ళి ఈ గోడకే గుద్దుకుంటుంది.

## ఆప్షన్ 1: పోటీకి వదిలెయ్యడం, మరీ శ్రుతి మించితే యాంటీట్రస్ట్ (మోనోపలీలని అడ్డుకునే చట్టం)

స్క్రీన్ పొరలో ఇది ఎంత బాగా పనిచేసిందో చూడాలంటే టెలిరేట్ కథ చాలు. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వ బాండ్ల ధరలు చూడాలంటే టెలిరేట్ స్క్రీనే దిక్కు, ఎవరూ కదపలేరు అనుకునేవాళ్ళు. 1990 నాటికి డౌ జోన్స్ దాన్ని పూర్తిగా కొనేసుకుంది. ఈలోపు 1981లో మొదలైన బ్లూమ్‌బర్గ్, మెరిల్ లించ్‌ని మొదటి కస్టమర్‌గా పెట్టుకుని, ధర చూపించడమే కాకుండా ఆ బాండ్‌తో ఏం చెయ్యాలో లెక్కకట్టే టూల్స్ ఇచ్చుకుంటూ పోయింది. 1998లో డౌ జోన్స్ టెలిరేట్‌ని కొన్నదానికన్నా బాగా తక్కువకి అమ్మేసుకుంది. 1973లోనే మానిటర్ సర్వీస్‌తో ఫారెక్స్‌లో పాతుకుపోయిన రాయిటర్స్‌కి కూడా బ్లూమ్‌బర్గ్ చెమటలు పట్టించింది. ఏ రెగ్యులేటరూ దీనికోసం వేలు కదపలేదు. 1985లో ఎవరైనా "టెలిరేట్ మోనోపలీ, దాని ధరకి కంట్రోల్ పెట్టండి" అని చట్టం చేయించి ఉంటే టెలిరేట్ ఒక ప్రభుత్వ ముద్ర ఉన్న సంస్థలా సెటిల్ అయిపోయి, దాన్ని దాటి పోవడం కొత్తవాళ్ళకి ఇంకా కష్టమయ్యేదని నాకనిపిస్తుంది.

అయితే ఇదే పొరలో పోటీ తడబడే చోటు కూడా ఒకటుంది, అది చాట్. ట్రేడర్లందరూ ఒకే చాట్‌లో ఉన్నారు కాబట్టి కొత్తవాడూ అక్కడికే వెళ్తాడు. 2014లో పెద్ద బ్యాంకులే కలిసి డబ్బు పెట్టి సింఫనీ అనే చాట్ కంపెనీని నిలబెట్టాయి, అది బతికి ఉంది కానీ బ్లూమ్‌బర్గ్ చాట్‌ని ఊడబెరకలేదు. అలాగే అందరూ ఒకే స్క్రీన్ మీద ఆధారపడితే వచ్చే తంటా 2015 ఏప్రిల్ 17న కనిపించింది. బ్లూమ్‌బర్గ్ టెర్మినళ్ళు కొన్ని గంటలు ఆగిపోతే బ్రిటన్ ప్రభుత్వం 300 కోట్ల పౌండ్ల ట్రెజరీ బిల్లుల అమ్మకాన్ని వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. ఒక దేశం అప్పు తీసుకునే కార్యక్రమం ఒక ప్రైవేట్ కంపెనీ సర్వర్లు లేచేదాకా ఎదురుచూసింది అనమాట.

ఇక కింద పొర, అంటే ఎక్స్ఛేంజ్ సొంత డేటా. ఇక్కడ "పోటీ" వాదన ఇలా ఉంటుంది: డేటా ధర పెంచితే బ్రోకర్లు కోపం వచ్చి ఆర్డర్లు వేరే ఎక్స్ఛేంజ్‌కి పంపేస్తారు, ఆ భయంతో ఎక్స్ఛేంజ్ ధర అదుపులో పెట్టుకుంటుంది. వినడానికి బాగుంది. అమెరికా షేర్ మార్కెట్ల రెగ్యులేటర్ ఎస్ఈసీ కూడా ఈ లాజిక్ మీదే ఎన్‌వైఎస్ఈ ఆర్కా అనే ఎక్స్ఛేంజ్ డేటా ఫీజుని ఓకే చేసింది, కానీ 2010లో నెట్‌కోయలిషన్ కేసులో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు "అలా జరుగుతుందని చూపించే ఆధారం ఏదీ?" అని ఆ ఆమోదాన్ని కొట్టేసింది. నిజంగా ఆలోచిస్తే ఆర్డర్ ఎక్కడికి పంపాలో తేల్చుకోవడానికే అన్ని ఎక్స్ఛేంజీల డేటా కావాలి, ఆర్డర్లు పంపడం మానేసినా డేటా కొనడం మానలేరు కదా.

ఇక్కడ స్వేచ్ఛా మార్కెట్ అభిమానులకి ఒక చిన్న చురక. ధరల డేటా ఎక్స్ఛేంజ్ ఆస్తి అన్న హక్కే ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1905లో షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చింది. ఆ రోజుల్లో బకెట్ షాపులని ఉండేవి, నిజంగా కొనకుండా అమ్మకుండా టిక్కర్ ధరల మీద పందేలు కాయించే దుకాణాలు. వాటికి కొటేషన్లు ఇవ్వకుండా ఆపుకునే హక్కు బోర్డుకి ఉందని జస్టిస్ హోమ్స్ తీర్పు రాశారు. తర్వాత 2005లో రెగ్యులేషన్ ఎన్ఎంఎస్ వచ్చి, వేరే చోట మంచి ధర కనిపిస్తుంటే దాన్ని దాటేసి ట్రేడ్ చెయ్యకూడదంది, అంటే డేటా కొనక తప్పని పరిస్థితి కూడా చట్టమే తెచ్చింది. సరఫరా హక్కు చట్టం ఇచ్చిందే, గిరాకీ చట్టం పెంచిందే, మరి మధ్యలో ధర ఒక్కటే "మార్కెట్‌కి వదిలెయ్యండి" అంటే ఎలా?

## ఆప్షన్ 2: ధర మీద కంట్రోల్

కరెంటు ఛార్జీల్లాగా డేటా ఫీజుని కూడా రెగ్యులేటర్ ఆమోదించాలి అన్నది ఈ దారి. చట్టాల్లో మాటలు బాగానే ఉన్నాయి: అమెరికాలో సెక్యూరిటీల చట్టానికి 1975లో చేసిన సవరణల నుంచీ "న్యాయంగా, సమంజసంగా" ఉండాలి అన్న మాట ఉంది, యూరప్‌లో మిఫిడ్ 2 అనే ఫైనాన్షియల్ మార్కెట్ల చట్టం కింద 2018 జనవరి నుంచి "సమంజసమైన వ్యాపార ప్రాతిపదిక" అన్న మాట ఉంది. ఆ సమంజసం ఎంతో ఎవరికీ తెలియదు. ఉన్ని, మాంసం సమస్య మళ్ళీ మొదటికొస్తుంది.

అమెరికా కోర్టుల్లో ఇది ఎలా నడిచిందో చూస్తే ఈ ఆప్షన్ మీద నమ్మకం కాస్త సడలుతుంది. 2010 తీర్పు వచ్చే ముందే, అదే ఏడాది వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం, ఎక్స్ఛేంజ్ ఫీజు ఫైల్ చేసిన వెంటనే అమల్లోకి వచ్చేలా మార్చేసింది. 2013లో కోర్టు, కొత్త చట్టం ప్రకారం ఇది మా పరిధిలో లేదంది. ఆ తర్వాత ఇండస్ట్రీ సంఘం సిఫ్మా ఎస్ఈసీ ముందే ఏళ్ళ తరబడి పోరాడితే 2018 అక్టోబర్‌లో ఎస్ఈసీ రెండు ఎక్స్ఛేంజీల డేటా ఫీజుల్ని పక్కన పెట్టింది, హమ్మయ్య అనుకునేలోపు 2020లో అప్పీల్ కోర్టు ఆ నిర్ణయాన్నీ రద్దు చేసింది, సిఫ్మా వాడుకున్న చట్టం సెక్షన్ కింద అందరికీ వర్తించే ఫీజుని సవాలు చెయ్యడానికి వీల్లేదని. పదేళ్ళకి పైగా లాయర్లు బాగుపడ్డారు, "సమంజసం" అంటే ఎంతో మాత్రం తేలలేదు.

ఇంకో ఇబ్బంది, ఒక ఫీజుని నొక్కితే ఇంకో చోట లేస్తుంది. డేటా ఫీజు తగ్గిస్తే కనెక్టివిటీ ఫీజు పెరుగుతుంది, మనిషి చూసే స్క్రీన్ ఫీజు తగ్గిస్తే మెషిన్ వాడే డేటాకి "నాన్ డిస్‌ప్లే" ఫీజు అని కొత్త పేరు పుడుతుంది. బ్రిటన్ రెగ్యులేటర్ ఎఫ్‌సీఏ 2024 ఫిబ్రవరిలో హోల్‌సేల్ డేటా మార్కెట్ల మీద తన స్టడీ ముగిస్తూ, పోటీ బాగా పనిచెయ్యని చోట్లున్నాయని ఒప్పుకుంటూనే, పెద్ద జోక్యం చేసుకుంటే డేటా దొరకడం, క్వాలిటీ దెబ్బతినే ప్రమాదం ఉందని వెనక్కి తగ్గింది. పిరికితనం అనేవాళ్ళున్నారు, అమెరికా అనుభవం చూశాక నాకు మాత్రం అది తెలివైన పనే అనిపించింది.

## ఆప్షన్ 3: ధర జోలికి పోకుండా తలుపులు తెరిపించడం

ఇది నాకు అన్నిటికన్నా నచ్చే దారి, ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది కోడ్‌లు. రాయిటర్స్ డేటా ఫీడ్ వాడే బ్యాంకుల సిస్టమ్స్ అన్నిట్లో రాయిటర్స్ ఇన్‌స్ట్రుమెంట్ కోడ్‌లు లోపలిదాకా అల్లుకుపోయి ఉండేవి. వేరే వెండర్‌కి మారాలంటే ఆ కోడ్‌లన్నీ పీకి కొత్తవి పెట్టాలి, అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, అందుకే ఎవరూ మారేవాళ్ళు కాదు. యూరోపియన్ కమిషన్ దీనిమీద 2009లో విచారణ మొదలుపెట్టి 2012 డిసెంబర్‌లో థామ్సన్ రాయిటర్స్ నుంచి కట్టుబాట్లు తీసుకుంది: వేరే వెండర్‌కి మారాలనుకునే కస్టమర్ లైసెన్స్ తీసుకుని ఆ కోడ్‌లని మారడానికి వాడుకోవచ్చు అని. "నీ ధర తగ్గించు" అని ఒక్క మాట అనలేదు చూడండి, బయటికి వెళ్ళే దారి మాత్రం తెరిపించింది. పోటీ వెండర్లకి ఇది చాల్లేదు, మార్నింగ్‌స్టార్ కోర్టుకెక్కి 2016లో ఓడిపోయింది. దీనికి ముందు 2011లోనే ఎస్ అండ్ పీ, అమెరికా సెక్యూరిటీల ఐసిన్ నంబర్లు (ఒక్కో సెక్యూరిటీకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబర్లు) యూరప్‌లో వాడుకున్నందుకు వసూలు చేసే లైసెన్స్ ఫీజుని ఎత్తేయడానికి ఒప్పుకుంది. ఒక నంబర్‌ని వాడుకున్నందుకు కట్టాల్సిన ఫీజు అది, నాకైతే ఇది ఈ మొత్తం బిజినెస్‌లోనే విడ్డూరమైన విషయం.

రెండోది టేప్. అమెరికాలో 1970ల నుంచీ అన్ని ఎక్స్ఛేంజీల బెస్ట్ ధరల్ని కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంది, ఆ పని చేసేవాటిని సిప్ అంటారు. దాన్ని నడిపేది మళ్ళీ ఎక్స్ఛేంజీలే, తమ సొంత ప్రైవేట్ ఫీడ్‌లు అమ్ముకునేదీ వాళ్ళే. ఎవరి ఫీడ్‌ని బాగుచేసుకోవాలని వాళ్ళకి ఉంటుందో వేరే చెప్పాలా? 2012 సెప్టెంబర్‌లో ఎస్ఈసీ ఎన్‌వైఎస్ఈకి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది, సిప్‌కి పంపకముందే ప్రైవేట్ కస్టమర్లకి డేటా వెళ్ళిపోతోందని. ఒక ఎక్స్ఛేంజ్‌కి ఎస్ఈసీ డబ్బు రూపంలో జరిమానా వెయ్యడం అదే మొదటిసారి. ఏడాది తిరగకముందే, 2013 ఆగస్ట్ 22న నాస్‌డాక్ నడిపే సిప్ ఆగిపోయి నాస్‌డాక్ లిస్టెడ్ షేర్లన్నిట్లో దాదాపు 3 గంటలు ట్రేడింగ్ నిలిచిపోయింది.

అంటే "రూల్ పెట్టాం, టేప్ ఉంది" అనుకుంటే చాలదు, ఎవరు నడుపుతున్నారన్నది కూడా రూల్‌లో ఉండాలి. దీన్ని సరిచెయ్యడానికే ఎస్ఈసీ 2020 డిసెంబర్‌లో ఒక మంచి ఆలోచన చేసింది, ఒకే సిప్ బదులు పోటీపడే కన్సాలిడేటర్లు ఎంతమందైనా రావచ్చు అని, 2022లో కోర్టు కూడా ఆ రూల్‌ని నిలబెట్టింది. కానీ రూల్ కాగితం మీదున్నంత వేగంగా కదల్లేదు. యూరప్‌ది ఇంకో రకం కథ, మిఫిడ్ 2లో టేప్‌కి చోటిచ్చి "ఎవరైనా పెట్టుకోండి" అని మార్కెట్‌కి వదిలేస్తే ఈక్విటీల టేప్ పెట్టడానికి ఒక్కరు కూడా రాలేదు. డబ్బు మిగలదు, పైగా ఎక్స్ఛేంజీలు డేటా ఇవ్వడానికి ధర చెప్తాయి. అందుకే 2024లో రూల్ మార్చి ఒక్కో రకం సెక్యూరిటీకి ఒక్కో ప్రొవైడర్‌ని యూరప్ మార్కెట్ల రెగ్యులేటర్ ఎస్మా సెలెక్షన్ పెట్టి 5 ఏళ్ళకి ఎంచుకునేలా, ఎక్స్ఛేంజీలు డేటా ఇచ్చి తీరాల్సిందే అనేలా చేశారు.

## ఆప్షన్ 4: రెగ్యులేటరీ సంస్థే సేకరించి ఇచ్చెయ్యడం

ఎక్స్ఛేంజ్ లేని మార్కెట్లకి, అంటే డీలర్లు ఫోన్లలో కొనుక్కుని అమ్ముకునే బాండ్లకి ఇది బాగా పనికొచ్చింది. అమెరికాలో 2002 జులైలో ట్రేస్ అనే రిపోర్టింగ్ వ్యవస్థ మొదలైంది, కార్పొరేట్ బాండ్ ట్రేడ్ చేసిన ప్రతి డీలర్ రిపోర్ట్ చెయ్యాలి, మొదట్లో 75 నిమిషాల టైమ్, 2005 కల్లా 15 నిమిషాలకి దించారు. డీలర్లు "మా ధరలు బయటపెడితే లిక్విడిటీ ఎండిపోతుంది" అని గోల చేశారు. తర్వాత వచ్చిన పరిశోధనలు చూస్తే ఇన్వెస్టర్ల ట్రేడింగ్ ఖర్చులు తగ్గాయి. మున్సిపల్ బాండ్లకి ఎమ్మా అనే సైట్ ఉంది, మామూలు మనిషి కూడా ఫ్రీగా చూసుకోవచ్చు. గమనించండి, ఇక్కడ పోటీని అణగదొక్కలేదు, అసలు లేని డేటాని పుట్టించారు.

మైక్రోసెకన్ల ఈక్విటీ డేటాకి మాత్రం ఈ దారి నేను సూచించను, ఆ వేగంలో ఇన్వెస్ట్ చేస్తూ పోయే ఓపిక ఇలాంటి సంస్థలకి ఉండటం కష్టం.

## పక్కపక్కన పెడితే

| పొర | పోటీకి వదిలితే | ధర కంట్రోల్ | తలుపులు తెరిపించే రూల్ | నేను ఎంచుకునేది |
|---|---|---|---|---|
| ఎక్స్ఛేంజ్ సొంత డేటా | ప్రత్యామ్నాయం లేదు, ధర పెరుగుతుంది | కోర్టుల్లో ఏళ్ళు, ఫలితం అనుమానం | అందరికీ ఒకేసారి, ఒకే షరతులతో ఇవ్వాలనడం అమలవుతుంది | రూల్, ఫీజుల్లో పారదర్శకత |
| కోడ్‌లు | కస్టమర్ ఇరుక్కుపోతాడు | పెద్దగా ఉపయోగం లేదు | బాగా పనిచేస్తుంది | రూల్, వీలైతే ఓపెన్ కోడ్‌లు |
| టేప్ | ఎవరూ రాకపోవచ్చు | టేప్‌కి డేటా ఇచ్చే ధర వరకు అవసరం | ఎవరు నడుపుతారన్నదే కీలకం | రూల్ పెట్టి, నడిపేవాళ్ళ మధ్య పోటీ |
| స్క్రీన్, అనలిటిక్స్ | బాగా పనిచేసింది | హాని ఎక్కువ | మెర్జర్ల మీద కన్ను చాలు | పోటీ |

చివరి వరుసలో మెర్జర్ల మాట ఊరికే పెట్టలేదు. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గ్రూప్ 2,700 కోట్ల డాలర్లకి, స్క్రీన్లు, డేటా అమ్మే రెఫినిటివ్‌ని కొన్నప్పుడు 2021లో యూరోపియన్ కమిషన్ షరతులు పెట్టాకే ఒప్పుకుంది, ఇటలీ ఎక్స్ఛేంజ్ బోర్సా ఇటాలియానాని అమ్మేయాల్సి వచ్చింది, పోటీదారులకి డేటా ఇస్తూనే ఉంటామని మాటివ్వాల్సి వచ్చింది. ధర పుట్టే చోటు, స్క్రీన్ రెండూ ఒకే యజమాని చేతికి వస్తే పై పొరలో పోటీ మిగలదు కాబట్టి. నాలుగు పొరల్ని విడివిడిగా చూడమని చెప్పేది ఇందుకే.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

చిన్న ఇన్వెస్టర్ అయితే ఈ గొడవలో సగం మీకు సంబంధం లేదు. మీరు నెలల తరబడి షేర్ పెట్టుకుంటారు, యూరప్ రూల్ ప్రకారం 15 నిమిషాల తర్వాత ఫ్రీగా దొరికే డేటాతోనే మీ పని అయిపోతుంది. మీకు నిజంగా కావాల్సింది, మీ బ్రోకర్ మీ ఆర్డర్‌ని మంచి ధరకే చేశాడా అని సరిచూసుకోవడానికి ఒక నమ్మకమైన టేప్. కాబట్టి ధర కంట్రోల్ కోసం కాకుండా టేప్ కోసం అడగండి.

ట్రేడింగ్ సంస్థలో ఉంటే మీకు వేగం కావాలి, టేప్ ఎంత బాగున్నా ప్రైవేట్ ఫీడ్ కొంటారు. మీకు లాభం ఫీజుల పారదర్శకతలో, కాంట్రాక్ట్ మధ్యలో కొత్త పేర్లతో ఫీజులు పుట్టకుండా ఉండటంలో ఉంది.

పాలసీ వైపు ఉంటే, సమయం గురించి ముందు ఆలోచించండి, ధర తర్వాత. మిషిగన్ యూనివర్సిటీ వినియోగదారుల సర్వే ఫలితాన్ని థామ్సన్ రాయిటర్స్ ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళకి మిగతా క్లయింట్ల కన్నా 2 సెకన్లు ముందు ఇచ్చేది, 2013 జులైలో న్యూయార్క్ అటార్నీ జనరల్ కదిలాక ఆపేసింది. ఇది పూర్తిగా ప్రైవేట్ కాంట్రాక్టే, మోసం కూడా కాదని వాదించేవాళ్ళున్నారు, కానీ ఆ 2 సెకన్లు అమ్ముడుపోతున్నాయని తెలిస్తే మిగతావాళ్ళు మార్కెట్‌ని నమ్మరు. "ధర ఎంతైనా పెట్టుకో, టైమ్ మాత్రం అందరికీ ఒకటే" అన్న రూల్ అమలు చెయ్యడం తేలిక, టైమ్‌స్టాంప్ చూస్తే తెలిసిపోతుంది, ఖర్చు లెక్కల కోసం అకౌంటెంట్లని పిలవక్కర్లేదు.

డేటా కొనే స్టార్టప్ అయితే చట్టాలు మారేదాకా ఆగలేరు కాబట్టి కాంట్రాక్ట్‌లో మీరే కొంచెం రెగ్యులేటర్ పని చేసుకోవాలి. మీ డేటాబేస్‌లో ప్రధాన కీగా వెండర్ కోడ్ పెట్టకండి, మీ సొంత అంతర్గత నంబర్ ఒకటి పెట్టుకుని వెండర్ కోడ్‌ని పక్క కాలమ్‌లో ఉంచండి, ఫిగి లాంటి ఓపెన్ కోడ్ ఉంటే దాన్నీ కలుపుకోండి. డేటా నుంచి మీరు తయారుచేసే సూచీలు, స్కోర్‌ల మీద హక్కు ఎవరిదో రాయించుకోండి. కాంట్రాక్ట్ అయిపోయాక పాత డేటా డిలీట్ చెయ్యాలా, ఉంచుకోవచ్చా, మీ వాడకాన్ని ఆడిట్ చేసే హక్కు వెండర్‌కి ఎన్నేళ్ళు వెనక్కి ఉంటుంది, ఈ రెండూ సంతకం పెట్టేముందు అడగండి, తర్వాత అడిగితే సమాధానం ఇన్‌వాయిస్ రూపంలో వస్తుంది.